రెండో రింగు

ఎదురు సీటుల కూసున్న ముసలామె ఫోన్ మోగింది. సంచిల ఎక్కడో అడుగున ఉన్నదది, చీర మడతల కింద, రొట్టెల మూట కింద. ఒక్కొక్కటి తీసి పక్కన పెట్టేసరికి మోగుడు ఆగిపాయె. ఆమె పరేషాన్ కాలే. బటన్ల ఫోన్‌ను అరచేతుల పెట్టుకొని దాని దిక్కే చూసుకుంట కూసున్నది, మళ్లా కొడ్తరు తియ్యి అన్నట్టు. మళ్లా మోగింది. ఎత్తింది, కన్నడంల మాట్లాడింది, సేడంల ఎవరో స్టేషన్‌కు వస్తున్నరంట, నవ్వుకుంట పెట్టేసింది. గంతే. ఇంత చిన్న సంగతి. బండిల ఎవ్వరు ఆమె దిక్కు చూడలే, నేనొక్కదాన్నే రెండో రింగుదాంక చూసిన. బండి వికారాబాద్ ఇడిచి పది నిమిషాలు గూడ కాలే. కిటికీలకెల్లి ఎనుకకు చూస్తె అనంతగిరి గుట్టలు ఇంక కనవడుతనే ఉన్నయి. ధారూర్‌ల దిగిపోతె దిగిపోవచ్చు, ఎదురుబండెక్కి ఇంటికి పోయి ఈరోజు ఆఫీసు సెలవంట అమ్మీ అని చెప్పి ముసుగేసుకొని పండుకోవచ్చు. అమ్మీ నేను హైదరాబాద్‌కు పోయిననే అనుకుంటున్నది. పొద్దుగాల లేసి డబ్బాల ఖిచిడీ పెట్టింది, పుల్లటి ఖట్టా వేరే డబ్బాల పెట్టి కారకుండ రబ్బరేసింది, జబీన్ జర తిను, మొకమంత పీక్కపోయింది అన్నది. నేను అటు పోయే బండిని ఇడిచిపెట్టి ఇటు తాండూరు పోయే బండెక్కిన. భుజం మీద లాప్‌టాప్ లేదు. నాలుగేండ్ల సంది ఆ బరువుకు అలవాటుపడ్డ భుజం, ఇయ్యాల ఏదో మర్చిపోయినట్టు ఊకె తడుముకుంటున్న.

తాండూరుల దిగాలె. ఆటో ఎక్కాలె. క్వారీ పక్కపొంటి ఉన్న ఊర్లె రుక్కమ్మ ఇంటికి పోవాలె. ఆమె ముంగట కూసోని ఒక్క మాట చెప్పాలె. నీ మొగడు నీ మీద అలగలే, అమ్మా, నేను నీకు అబద్ధం చెప్పిన. ఇంట్ల అద్దం ముంగట ఎన్నిసార్లు అనుకున్ననో, ఒక్కసారి గూడ చివరిదాంక రాలే. నీ మొగడు అనంగనే బిచ్చయ్య కాక మొకం కండ్లకు కడ్తది, తెల్ల మీసం, చెవి ఎనుక చెక్కుకున్న బీడీ, ఇగ మాట లోపల్నే ఆగిపోతది. మా ఆఫీసుల విజయ్‌కుమార్ సార్ చెప్పినట్టు చెప్తె మస్తు అల్కగ చెప్పొచ్చు. సాంకేతికంగ చిన్న మార్పు జరిగింది, కాల్ మాత్రం చేరింది, అవతలి మనిషి స్పందించలేదు. థూ. స్పందించలేదంట. సచ్చిపోయిన మనిషి మీద ఏసిన మాట అది. ఆయన ఎత్తలేదు అన్నది నిజమే, మోగింది అన్నది గూడ నిజమే, రెండు నిజాలు పక్కపక్కన పెట్టి ఇంత పెద్ద అబద్ధం చేసుకున్నం. దాంట్ల సార్‌ను ఒక్కన్నే అని ఏం ఫాయిదా, రుక్కమ్మ ముంగట నోరు తెరిచి అబద్ధం చెప్పింది సార్ గాదు, నేను.

రెండేండ్ల కింద ఈ బండిలనే వచ్చినం, నేను, యాసీన్ భాయ్. యాసీన్ భాయ్ అప్పుడు మా ఆఫీసుల అందరికంటె పాత మనిషి. క్వారీల తోటాలు పెట్టి బండ పేల్చే ముందు చుట్టుపక్కల తిరిగేటోళ్లందరికి కంప్యూటరే ఫోన్ చేసి చెప్పాలె, దూరం పోండి అని, అదీ మాకొచ్చిన పని. సైరన్ ఉంటది గని, బండ కోసే మిషన్ల లొల్లిల, ఎదురుగాలిల అది వినవడది. పని కాగితం మీద ఉన్నది కదా, రాసి ఇచ్చేస్తె అయిపాయె అనుకున్న నేను. యాసీన్ భాయ్ ఒప్పుకోలే. ఫోన్ ఎత్తేటోళ్లను చూడకుండ ఫోన్ చేసే కోడ్ ఎట్ల రాస్తవు, నక్కో, వద్దు అన్నడు. ఎండల తిప్పిండు, పొలాలోళ్ల దగ్గరికి, బండ కోసేటోళ్ల దగ్గరికి, గొర్లోళ్ల దగ్గరికి. గట్లనే బిచ్చయ్య కాక దొరికిండు. ఫోన్ ఎక్కడున్నదే కాకా అంటె గొంగడి మడత ఇప్పిండు, దాంట్ల ఒక గుడ్డసంచి, దాంట్ల ఇంకో కవరు, వాన తడపకుండ, దాంట్ల ఫోన్. మేం కొట్టి చూసినం. కట్టె సంకల పెట్టుకొని, గొంగడి దింపుకొని, సంచి ఇప్పి, కవరు ఇప్పేసరికి రింగు ఆగిపాయె. రుక్కమ్మ పక్కనే ఉన్నది, కొంగు మూతికి అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది. మొదట్ల ఆగమాగం తీసి ఏది వడితె ఆ బటన్ ఒత్తుతుండె బిడ్డా, ఎవరెవరికో ఫోన్లు పోతుండె, అప్పుడు నేనే నేర్పిన, మొదటిసారి మోగితె తీసి చేతుల పట్టుకో, తొందరపడకు, రెండోసారి మోగితె పచ్చది ఒత్తు అని. ఇంట్ల మేమందరం ఆయనకు రెండుసార్లే కొడ్తం అన్నది. బిచ్చయ్య కాక తలకాయ ఊపిండు, సక్కగ బడికి పోయే పిల్లగాని లెక్క. మొదటిదానికి తియ్యాలె, రెండోదానికి ఎత్తాలె, అన్నడు.

రుక్కమ్మ ఆరోజు జొన్నరొట్టె, పచ్చిపులుసు పెట్టింది. రాయి మీద కూసోని తిన్నం. యాసీన్ భాయ్ తినుకుంటనే చిన్న పుస్తకంల రాసుకున్నడు, నేను మొబైల్‌ల రుక్కమ్మ నంబర్ ఎక్కించుకున్న, ఏం పేరు పెట్టాలె అని అడిగిన, నా పేరే పెట్టు, నాకు గూడ రెండుసార్లే కొట్టాలె, పక్కన రెండుసార్లు అని రాయి, యాదిమరుస్తవు అన్నది. గట్లనే రాసిన. రుక్కమ్మ రెండుసార్లు. ఇప్పటికి గట్లనే ఉన్నది నా ఫోన్‌ల. ఫోన్‌ల చెప్పే మాట గూడ నాదే. స్టూడియోల ఎవరో అమ్మాయితోని చదివిస్తె వార్తలు చదివినట్టున్నది, గొర్లోళ్లు అది విని ఏ కంపెనీదో అని పెట్టేస్తున్నరు. అందుకని నన్ను చదవమన్నరు. తోటాలు పేలుస్తున్నరు, గొర్లను రోడ్డు దిక్కు తోలుకొని పోండి, జల్ది పోండి. బాత్రూంల తలుపేసుకొని రికార్డు చేసిన. బిచ్చయ్య కాక మళ్ల కనవడ్డప్పుడు నన్ను ఫోన్ బిడ్డ అన్నడు. నువ్వు రోజు తిడ్తున్నవు కదా బిడ్డా పొమ్మని, పోతనే ఉన్న చూడు అని నవ్విండు. ఆయన గొర్లకు గూడ నా గొంతు ఎరుకేనంట, ఫోన్‌ల నా మాట వినవడంగనే ముంగట నడిచే గొర్రె రోడ్డు దిక్కు మర్లుతదంట. నిజమో, నన్ను నవ్వియ్యనీకె అన్నడో. నిజమే అనుకున్న నేను, ఇంటికొచ్చి అమ్మీకి చెప్పి మస్తు నవ్విన.

యాసీన్ భాయ్ ఆ రెండో కాల్‌కు కోడ్‌ల వేరే లైన్ రాసిండు. చూస్తె మొదటి లైన్‌కు అచ్చు నకలు. దాని పైన ఒక్క మాట రాసిండు, రుక్కమ్మ చెప్పింది, తీయొద్దు. రెండు కాల్స్ పోతున్నయా లేదా అని ప్రతిసారి చూసుకునేటందుకు ఒక టెస్ట్ గూడ పెట్టిండు, రెండోది పోకుంటె ఎర్రగ చూపిస్తది. ఎందుకిట్ల రాసిన్రు భాయ్, సక్కగ రాయొచ్చు కదా అంటె, కండ్లవడాలె అన్నడు, ఎవరికైన గిది తీసేద్దామనిపించాలె, అనిపించినప్పుడు ఆగి అడగాలె. అబ్బా గూడ గట్లనే. మా అబ్బా బాషా, వికారాబాద్‌ల బోరు మోటర్లకు వైండింగ్ చేస్తడు. కాలిపోయిన మోటర్ వస్తె పాత తీగను కోసి పారేయడు, ముందుగాల ఒక్కొక్క చుట్టు లెక్కవెట్టి గోడ మీద పెన్సిల్‌తోని రాసుకుంటడు, అప్పుడు కోస్తడు. ఎన్ని చుట్లున్నయో తెల్వకుండ కోసినవంటె మళ్ల ఆ మోటర్ ఎప్పటికి మునుపటి లెక్క తిరగది జబీన్ అంటడు. చిన్నప్పటికెల్లి ఆ గోడ చూసుకుంట పెరిగిన. ఏం లాభం. ఇంటి గోడ నిండ ఉన్న బుద్ధి తలకాయలకు ఎక్కొద్దా.

పోయినేడు ఆఫీసుకు ఏఐ అసిస్టెంట్ వచ్చింది. చెప్పింది చెప్పినట్టు కోడ్ రాస్తది, పాతదాన్ని శుభ్రం చేస్తది, రాత్రి పగలు లేదు, చాయ్ అడగది. మస్తు సంబరపడ్డ నేను, అబద్ధమెందుకు. నాకు వారం పట్టేది గంటల ఐతుంటె ఎవరు సంబరపడరు. దాన్ని ఎట్ల వాడాలె అని పద్ధతులు రాయమని సార్ నాకే చెప్పిండు. నేనే రాసిన, నా చేతులతోనే. తెలియనిది తీయకు, అడుగు. టెస్ట్ అడ్డమొస్తున్నదని టెస్ట్‌నే తీసేయకు. ఒక్కసారికి కొద్దిగనే మార్చు. నువ్వు మార్చిన ప్రతి లైన్ ఒక మనిషి చదివినంకనే లోపలికి పోవాలె. యాసీన్ భాయ్ చదివి, చివరిది పైకి తీసుకపో, అదే అసలుది అన్నడు. రెండు నెలలకు సార్ యాసీన్ భాయ్‌ను పిలిచి, ముగ్గురు చేసేది ఇప్పుడు ఒక్కరు చేస్తున్నరు కదా యాసీన్ అన్నడంట. యాసీన్ భాయ్ డబ్బా, చెప్పులు, ఆ చిన్న పుస్తకం తీసుకొని పోయిండు. పుస్తకం ఇచ్చి పో భాయ్ అని అడగాల్సింది నేను. అడగలే. ముగ్గురి పని నా ఒక్కదాని మీద పడ్డది, పని అంటె రాసుడు గాదు, చదువుడు. అసిస్టెంట్ రాసి పారేస్తది, నేను చదవాలె. పొద్దుందాక చదువుతనే ఉండాలె. ఎన్ని పాస్ చేసినమో గోడ మీద టీవీల చూపిస్తరు, నా పేరు పక్కన అంకె తక్కువుంటె సార్ ఏమనడు, ఉత్తగ ఆ టీవీ దిక్కు చూస్తడు.

ఆ గురువారం నాడు గూడ నేను బండిలనే ఉన్న. హైదరాబాద్ నుంచి ఇంటికొస్తున్న, శంకర్‌పల్లి దాటింది, ఇంక ఎండ ఉన్నది, కిటికి పక్క సీటు దొరికింది, ఒళ్లె లాప్‌టాప్ పెట్టుకొని క్వారీ పాత కోడ్ శుభ్రం చెయ్యమని అసిస్టెంట్‌కు చెప్పిన. అది నేను రాసిన పద్ధతిలనే పోయింది పాపం. ఇది మార్చనా అని అడుగుడు, నేను ఊ అనుడు. ఈ పేరు మార్చనా, ఊ. ఈ ఫైల్ తెరవనా, ఊ. నెట్‌వర్క్ వస్తుంది పోతుంది, నేను ఊ అన్నది దానికి చేరేసరికి స్టేషన్ దాటిపోతున్నది. ముప్పై ఒక్కసారి అడిగింది, తర్వాత లెక్కవెట్టి చూసిన. ఏందిరా బై, చిన్నపిల్లగాని లెక్క ప్రతిదానికి అడుగుతవు అని పైకే తిట్టిన, పక్కాయన మర్లి చూసిండు. ఇగ మీదట అడగకుండ చెయ్యి అని ఒక బటన్ ఉంటది, ఒత్తితె అడుగు, తీసేయకు అన్న పద్ధతులన్ని పక్కకు పోతయి. ఒత్తిన. మస్తు హాయనిపించింది, ఆ హాయి గూడ ఇంక యాదున్నది నాకు, గదే నాకు ఎక్కువ సిగ్గు. వికారాబాద్ వచ్చేసరికి పని అయిపాయె. అరవై ఫైళ్లు. కింద తాను చేసినవన్ని ఒక్కొక్కటి రాసి పెట్టింది, ఏది దాచలే. పద్నాలుగోది, ఒకే నంబర్‌కు రెండుసార్లు పోతున్న కాల్‌ను తీసేసిన, రెండు కాల్స్ కోసం ఉన్న టెస్ట్‌ను గూడ తీసేసిన. తెలుగుల రాసినంత సాఫ్‌గ రాసింది. నేను మొదటి ఐదు చదివిన, బండి ఆగుతున్నది, అందరు లేస్తున్నరు, పాస్ ఒత్తి లాప్‌టాప్ మూసిన. దానికేం ఎరుక రుక్కమ్మ ఎవరో. నాకెరుక. ఆమె చేతి రొట్టె తిన్నదాన్ని నేను. ఈ లోకంల ఆ లైన్ ఎందుకున్నదో ఎరుకైనోళ్లం ఇద్దరమే, ఒకరిని పంపించేసిన్రు, ఇంకొకరు బండి దిగే తొందరల ఉన్నది.

మంగళవారం మధ్యాహ్నం పన్నెండు యాభైకి ఫోన్‌లు పోయినయి. ఒంటిగంటకు పేల్చిన్రు. బిచ్చయ్య కాక ఆరోజు క్వారీ ఎనుక దిక్కు ఒక్కడే ఉన్నడు, మిగిలినోళ్లు రోడ్డు దిక్కున్నరు. బండ ముక్క ఎగిరొచ్చి తగిలింది. నాకు నాలుగింటికి తెలిసింది, సార్ నా టేబుల్ దగ్గరికొచ్చి నిలబడి, కాల్ పోయిందా చూడు అన్నడు. చూసిన. పోయింది, ఇరవై నాలుగు సెకన్లు మోగింది, ఎత్తలే. సార్ గట్టిగ ఊపిరి ఇడిచి కుర్చీల కూలవడ్డడు. కింద రెండో కాల్ లైన్ కోసం నేను ఇంక చూస్తున్న. కింద ఏం లేదు. ఉండాల్సిన లైన్ లేదు. అప్పుడు పాత మార్పులు తీసి చూసిన, గురువారం, నా పేరు, పాస్. లేసి బాత్రూంకు పోయిన. నా గొంతు రికార్డు చేసింది ఇసొంటి బాత్రూంలనే అని యాదికొచ్చి అక్కడ్నే కింద కూసున్న. వచ్చినంక సార్‌కు చెప్పిన, అంత చెప్పిన. చెడ్డోడు గాదు ఆయన, ఆయనకు గూడ భయం, ఆఫీసు మూతపడ్తదని, పోలీసులొస్తరని. రెండో కాల్ చెయ్యాలె అని అగ్రిమెంట్‌ల లేదు కదా జబీన్ అన్నడు. లేదు సార్. అయితె మన దిక్కుకెల్లి తప్పు లేదు. ఆ లైన్ మళ్ల పెట్టెయ్, ఎక్కువ లొల్లి చెయ్యకు. పెట్టిన. ఐదు నిమిషాలు పట్టలే. ఒక మనిషిని మళ్ల ఎన్కకు తెచ్చినంత జాగ్రత్తగ ఒక్కొక్క అక్షరం చదువుకుంట పెట్టిన, ఎవరికోసం పెడుతున్ననో తెల్వకుండ.

మూడోరోజు పోయినం, సార్, నేను, క్వారీ మనిషొకాయన. వాకిట్ల ఆడోళ్లున్నరు, గొర్లు దొడ్లె అరుస్తున్నయి, వాటిని మేతకు తోలుకపోయేటోళ్లు లేరు. రుక్కమ్మ నన్ను చూడంగనే ఫోన్ బిడ్డ వచ్చింది అన్నది, అని నా చెయ్యి పట్టుకొని పక్కన కూసోవెట్టుకున్నది. చేతులనే ఉన్నది బిడ్డా ఫోను. సంచి ఇప్పి, కవరు ఇప్పి, తీసి గట్టిగ పట్టుకున్నడు, నేనే ఏళ్లు ఇడిపించిన. మరి ఎందుకెత్తలే. నేను తల ఎత్తలే. ఆమె నా గదుమ పట్టుకొని పైకి లేపి అడిగింది. రెండోది కొట్టిన్రా బిడ్డా. సార్ అటు నిలబడ్డడు, క్వారీ ఆయన నిలబడ్డడు, ఆడోళ్లందరు నా దిక్కే చూస్తున్నరు. కొట్టినమమ్మా అన్న. నా నోట్లెకెల్లి ఎట్లొచ్చిందో, రికార్డు చేసినట్టు వచ్చింది. రుక్కమ్మ చెయ్యి ఇడిచిపెట్టింది. అయితె అలిగిండు బిడ్డా అన్నది. పొద్దుగాల కయ్యం పెట్టుకున్న. కూరల ఉప్పెక్కువైంది అన్నడు. తింటె తిను లేకుంటె ఇంటికే రాకు పో అన్న. నేను చేస్తున్ననుకున్నడు. నేననుకోని, చేతుల పట్టుకొని గూడ ఎత్తలే. ఏడ్వలే ఆమె. గోడకు ఒరిగి దొడ్డి దిక్కు చూసుకుంట అదే మాట మళ్ల మళ్ల అన్నది, నేననుకున్నడు, నేననుకున్నడు. యా అల్లా, ఒక్క మాట, గంతనే, లేదమ్మా అంటె అయిపోతుండె. కారు ఎక్కినంక సార్ నాకు నీళ్ల సీసా ఇచ్చిండు. తాగిన.

ధారూర్ వచ్చింది, పోయింది. దిగలే. దిగుతననుకున్న, కాళ్లు లేవలే, అది ధైర్యమా ఏందా అంటె చెప్పలేను. ఎర్రనేల, కందిచేన్లు పసుప్పచ్చగ పూత మీదున్నయి, ఎవరో గొర్లమంద పట్టాల పక్కకు తోలుతుంటె మొకం అటు మర్లించుకున్న. నిన్న యాసీన్ భాయ్‌కు ఫోన్ చేసిన, కొడంగల్‌ల వాళ్ల మామ దుకాన్ల కూసుంటున్నడు ఇప్పుడు. అంత విన్నడు. నువ్వు చదివినవా అని అడిగిండు. చదవలే భాయ్. తిడ్తడేమో అని చూసిన, తిట్టినా మంచిగుంటుండె. ఆమెకు చెప్పినవా అన్నడు. లేదు భాయ్. అటు దిక్కు ఎవరో వచ్చి ఏదో అడుగుతున్నరు, ఆయన వాళ్లకు జర ఆగుమని చెప్పి, కోడ్ మళ్ల పెట్టినవు కదా జబీన్, అది యంత్రానికి చెప్పినట్టు, మనిషికి ఎవరు చెప్పాలె అన్నడు. రాత్రంత అదే. చెప్తె నా నౌకరి పోతది, పోనీ. కేసు గూడ కావచ్చు, అబ్బా దుకానం ముంగట పోలీసు జీపు ఆగితె అబ్బా మొకం ఎట్లైతదో. చెప్పకుంటె. చెప్పకుంటె రుక్కమ్మ పండుకోబోయే ముందు రోజు ఆ మాట అనుకుంటది, ఉప్పు డబ్బా ముట్టుకున్నప్పుడల్ల అనుకుంటది, సచ్చేదాంక అనుకుంటది. మొగడు పోయిన దుఃఖం బండ ఇచ్చింది. ఈ దుఃఖం మాత్రం నేనిచ్చింది, నా నోటితోని ఇచ్చింది, ఇది తీసుకోగలిగేది ఈ భూమ్మీద నేనొక్కదాన్నే.

రుక్మాపూర్ దాటింది. ముసలామె రొట్టె ఇప్పి, తింటవా అని నా ముంగట పెట్టింది. వద్దంటె ఊకోలే, తుంచి చేతుల పెట్టింది, తిన్న, కండ్లల్ల నీళ్లు తిరిగినయి, కారం ఎక్కువైందని ఆమె సీసా ఇచ్చింది. తాండూరుల దిగిన. బండి ఆమెను తీసుకొని సేడం దిక్కు పోయింది, ప్లాట్‌ఫాం మీద ఎండ. ఆటోలోళ్లు పిలుస్తున్నరు. రుక్కమ్మ ఇంటి దగ్గరున్నదో, గొర్ల ఎంబడి పోయిందో అడగాలె కదా అని ఫోన్ తీసిన. నిజం చెప్పాలంటె అడిగేదేం లేదు, ఇంకొక రెండు నిమిషాలు కావాలె నాకు. మొదటిది ఎట్లయిన ఎత్తరు ఆ ఇంట్ల. మొదటిది మోగి ఆగేలోపల ఊపిరి పీల్చుకుంట, మాట కూడగట్టుకుంట, రెండోది కొట్టాల్నా వద్దా అప్పుడు చూసుకుంట. రుక్కమ్మ రెండుసార్లు. ఒత్తిన. సగం రింగు గూడ కాలే.

"ఎవరు?"

ఫోన్ రెండు చేతులతోని పట్టుకున్న.

"అమ్మా... జబీన్‌ను. ఫోన్ బిడ్డను."

"నువ్వా బిడ్డా, నీ పేరు చూడలే. మొదటిదానికే ఎత్తుతున్న ఇప్పుడు. ఫోను చేతులకెల్లి దించుతలేను. ఎవరిదైన సరే, రెండోదాంక ఆగబుద్ధైతలేదు."

నేను సదురుకున్న మాటలన్ని యాడికో పోయినయి. మిగిలింది ఒక్కటే.

"అమ్మా, రెండోది రాలే. ఆరోజు రెండోది పోలేదు. కొట్టినమని నేను అబద్ధం చెప్పిన. ఆ రెండోదాన్ని తీసేసింది గూడ నేనే, చూడకుండ తీసేసిన. కాక నీ మీద అలగలేదమ్మా."

అటు దిక్కు గొర్రెల మెడల గంటలు వినవడుతున్నయి. ఫోన్ పెట్టేసిందేమోనని చెవుకు ఇంక గట్టిగ ఒత్తుకున్న.

"రాలేదా?"

"రాలేదమ్మా."

"అయితె... చూసిండా బిడ్డా? చేతుల పట్టుకొని, వస్తదని చూసుకుంట నిలవడ్డడా?"

"నిలవడ్డడమ్మా. నువ్వు నేర్పినట్టే నిలవడ్డడు."

అప్పుడేడ్చింది రుక్కమ్మ. దినాల నాడు గూడ ఏడ్వలేదన్నరు ఆమె, పెద్దగ ఏడ్చింది, నా అబద్ధానికి ఏడ్చిందో, ఆయన కోసం ఏడ్చిందో. మధ్యల ఒక్కసారి ఆయన పేరు పెట్టి పిలిచింది. ఇంటికి రావాల్నా అమ్మా, నేను తాండూరుల్నే ఉన్న అన్న. విన్నదో లేదో. రా అనలే, రాకు అనలే, తిట్టను గూడ తిట్టలే. ఫోన్ పెట్టేసింది.

ఆటో ఆయన దగ్గరికొచ్చి, యాడికి పోవాలమ్మా అని అడిగిండు. జర ఆగు అన్న. ఫోన్ చేతుల పట్టుకొని, మళ్లా మోగుతదేమోనని దాని దిక్కే చూసుకుంట, ఎండల నిలబడ్డ.